పర్మినెంట్ జాబ్ వదిలి కాంట్రాక్ట్‌లోకి వచ్చాక అసలు లెక్కలు

ఈ మధ్య పాత ఆఫీస్ వాళ్ళు, చెల్లి ఫ్రెండ్స్, ఎవరెవరో మెసేజ్ చేసి ఒకటే అడుగుతున్నారు, "అక్కా కాంట్రాక్ట్ అయితే డబుల్ ఇస్తారంట కదా" అని. ఒక్కొక్కరికి వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ రాసి పడేస్తున్నా, ఇక అడిగినవాళ్ళకి లింక్ పంపిస్తా. ముందే చెప్తున్నా, డబుల్ రాదు. ఎక్కువే వస్తుంది, కాదనను, కానీ ఆ ఎక్కువలో సగం ఏంటంటే ఇన్నాళ్ళూ కంపెనీ మన తరఫున చప్పుడు చెయ్యకుండా కట్టిన డబ్బులే, ఇప్పుడు అవి మన చేతికిచ్చి నువ్వే కట్టుకో అంటారు. ఇది తెలిసి రేటు అడిగినవాళ్ళు బాగుపడతారు, తెలియకుండా పాత జీతం మీద ఓ ముప్పై శాతం వేసి అడిగినవాళ్ళు ఏడాది తిరిగేసరికి "ఏంటో మిగల్లేదు" అంటారు.

నేను చేసేది ఎస్ఏపీ ఎంఎం, కంపెనీలు వాడే ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్‌లో మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ భాగం. అంటే ఫ్యాక్టరీలో సరుకు కొనడం, స్టోర్‌లోకి రావడం, వెండర్ బిల్లు పాస్ చెయ్యడం, ఈ వ్యవహారం అంతా సిస్టమ్‌లో ఎలా నడవాలో సెట్ చేసే పని. పదేళ్ళు దాటింది దీంట్లో. ఇప్పుడు దీనికి కాంట్రాక్ట్ మార్కెట్ ఎందుకు ఉందంటే, పాత ఈసీసీ వెర్షన్‌కి మెయిన్‌స్ట్రీమ్ సపోర్ట్ 2027 చివరితో ఆగిపోతుంది, ఎక్స్‌ట్రా డబ్బులు కట్టుకుంటే 2030 దాకా లాగొచ్చు. అందుకని పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఎస్/4హానా అనే కొత్త వెర్షన్‌కి మారే పనిలో ఉన్నాయి. ఆ ప్రాజెక్ట్ ఏడాదో ఏడాదిన్నరో నడుస్తుంది, అయ్యాక అంతమంది అక్కర్లేదు. అలాంటప్పుడు పర్మినెంట్‌గా తీసుకుని తర్వాత ఏం చెయ్యాలో తెలియక బెంచ్ మీద కూర్చోబెట్టడం కన్నా, పని ఉన్నన్ని రోజులు డబ్బులిచ్చి పంపించడం వాళ్ళకి చవక. మీ టెక్నాలజీకి ఇలాంటి కారణం ఒకటి ఉందా లేదా చూసుకోండి ముందు. ఎవరిని పడితే వాళ్ళని తీసుకునే రోల్ అయితే కాంట్రాక్ట్‌లో మీకు రేటు అడిగే బలం ఉండదు.

ఇంకో విషయం, మన హైదరాబాద్‌లో కాంట్రాక్ట్ అని ఒకే పేరుతో మూడు రకాలు తిరుగుతున్నాయి, దీన్ని కలిపేసే జనం మోసపోతారు. ఒకటి, థర్డ్ పార్టీ పేరోల్. పని చేసేది మాదాపూర్‌లోనో ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోనో పెద్ద కంపెనీకి, జీతం ఇచ్చేది ఎప్పుడూ పేరు వినని స్టాఫింగ్ కంపెనీ. పేస్లిప్ ఉంటుంది, పీఎఫ్ కడతారు కానీ చాలాసార్లు జీతం ఎంతున్నా 15,000 సీలింగ్ మీదే లెక్కేసి నెలకి 1,800 కడతారు, ఇన్సూరెన్స్ ఉన్నా ఏదో మూడు లక్షలది. నోటీస్ పీరియడ్ మాత్రం మీకు ఉంటుంది, వాళ్ళకి ఉండదు. రెండు, సీ2హెచ్, కాంట్రాక్ట్ టు హైర్, ఆరు నెలలు చూసి కన్వర్ట్ చేస్తాం అంటారు. ఆ చేస్తాం అనేది రాతలో ఉంటే సరే, రిక్రూటర్ నోట్లో మాత్రమే ఉంటే అది మొదటి రకమే అనుకోండి. మూడు, కన్సల్టెంట్‌గా వెళ్ళడం, పేస్లిప్ ఉండదు, ప్రతి నెలా మనమే ఇన్వాయిస్ వేస్తాం, వాళ్ళు టీడీఎస్ (మన తరఫున ముందుగానే కట్టే ఇన్‌కమ్ టాక్స్) కోసి మిగతాది ఇస్తారు. నేను తీసుకుంది ఈ మూడోది. నా మటుకు నాకు మొదటి రకం రెండు పడవల మీద కాళ్ళు, ఉద్యోగి కష్టాలన్నీ ఉంటాయి కాంట్రాక్టర్ రేటు ఉండదు, మధ్యలో కమిషన్ ఎంత తింటున్నారో కూడా మనకి చెప్పరు. ఫ్రెషర్‌కి, కెరీర్ గ్యాప్ తర్వాత వచ్చేవాళ్ళకి అది ఒక తలుపు, అంతవరకు ఓకే. చేతిలో మంచి పర్మినెంట్ జాబ్ పెట్టుకుని దానికోసం రిజైన్ చెయ్యకండి.

ఇప్పుడు రేటు లెక్క. నా లెక్క కాకుండా రౌండ్ ఫిగర్ తీసుకుందాం, సీటీసీ (కంపెనీ మన మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 24 లక్షలు, అంటే నెలకి 2 లక్షలు. ఏడాదికి 365 రోజుల్లో శని ఆదివారాలు 104 పోతే 261. పండగ సెలవులు ఓ పది పోతే 251. మీరో పిల్లలో జ్వరాలు, ఊళ్ళో పెళ్ళిళ్ళు, సంక్రాంతికి రెండు రోజులు ముందే బయల్దేరడం, ఇవన్నీ కలిపి ఇరవై తీసెయ్యండి, ఇక్కడ పెయిడ్ లీవ్ అనేది లేదు, రాకపోతే డబ్బుల్లేవు. 231 అయింది. ఒక ప్రాజెక్ట్ అయ్యాక ఇంకోటి దొరికే మధ్యలో ఒక నెల ఖాళీ అనుకోండి, తక్కువే అనుకుంటున్నాం, 21 రోజులు పోయి 210 మిగిలింది. 24 లక్షల్ని 210 తో భాగిస్తే రోజుకి 11,400 పైన. నెలకి 21 రోజులు పని అంటే 2.4 లక్షలు. అంటే 2 లక్షల జీతం ఉన్నవాళ్ళు 2.4 అడిగితే అది హైక్ కాదు, ఎక్కడున్నామో అక్కడే ఉన్నట్టు. అది కూడా ఇన్సూరెన్స్ కొనకముందు లెక్క. నాకు తెలిసిన ఒక అబ్బాయి 20 శాతం పెరిగిందని ఆఫీస్‌లో బిర్యానీ పార్టీ ఇచ్చి మరీ వెళ్ళాడు, పాపం.

అసలు వదిలేసుకునేవి ఏంటో కూడా చూడండి. బేసిక్ 80 వేలు అనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 12 శాతం, నెలకి 9,600, ఏడాదికి లక్షా పదిహేను వేలు. అది ఆగిపోతుంది. దానికి 8.25 శాతం వడ్డీ వస్తుండేది, ఇప్పుడు మనం సొంతంగా పెట్టుకునే పీపీఎఫ్‌లో 7.1, అది కూడా ఏడాదికి 1.5 లక్షలే పెట్టనిస్తారు. పాత పీఎఫ్ డబ్బులు మాత్రం తీసెయ్యకండి, అలాగే ఉంచితే వడ్డీ పడుతూనే ఉంటుంది, కాకపోతే జాబ్ మానేశాక వచ్చే వడ్డీకి టాక్స్ ఉంటుంది. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ, అదే 7 లక్షల దాకా ఉండే ఇన్సూరెన్స్, చాలామందికి ఉన్న సంగతే తెలియదు, అది కూడా పోతుంది. అందుకే టర్మ్ పాలసీ తీసుకునేది ఉంటే పేస్లిప్ చేతిలో ఉండగానే తీసుకోండి, అప్పుడు పేపర్ వర్క్ తేలిక. గ్రాట్యుటీ, అదే ఐదేళ్ళు చేసినవాళ్ళకి వెళ్ళేటప్పుడు కంపెనీ ఇచ్చే డబ్బు, దాని సంగతి, నాకు ఐదేళ్ళు నిండటానికి కొంచెం టైమ్ ఉందని తెలిసి ఆగి మరీ పేపర్స్ పెట్టా. అదే 80 వేల బేసిక్‌కి 15/26 లెక్కన (నెలకి 26 పని రోజులు అనుకుని, ఏడాదికి 15 రోజుల బేసిక్) ఐదేళ్ళకి 2.3 లక్షలు వస్తుంది, ఊరికే వదలడానికి అదేం చిన్న అమౌంట్ కాదు కదా.

హెల్త్ ఇన్సూరెన్స్ దగ్గర నేను పెట్టినంత బుర్ర ఇంకెక్కడా పెట్టలేదు. మా మావయ్యగారికి షుగర్, బీపీ రెండూ ఉన్నాయి, మా కంపెనీ గ్రూప్ పాలసీలో అత్తామామలని పెట్టుకోనిచ్చారు కాబట్టి ఇన్నేళ్ళు ఏ బెంగా లేదు. బయట కొత్తగా కొంటే ముందునుంచే ఉన్న జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ పెడతారు, 2024 రూల్స్ తర్వాత అది గరిష్ఠంగా మూడేళ్ళు, అంతకుముందు నాలుగు ఉండేది. మూడేళ్ళంటే అరవై ఎనిమిదేళ్ళ మనిషికి చాలా పెద్ద టైమ్. అయితే గ్రూప్ పాలసీ నుంచి అదే ఇన్సూరెన్స్ కంపెనీ ఇండివిడ్యువల్ పాలసీకి పోర్ట్ చేసుకోవచ్చు, గ్రూప్‌లో ఉన్న ఏళ్ళు వెయిటింగ్‌లో కలిసొస్తాయి. ఈ సంగతి హెచ్‌ఆర్ చెప్పరు, మనమే అడగాలి, అదీ లాస్ట్ వర్కింగ్ డే లోపే. నేను రిజైన్ చేసిన వారంలోనే మెయిల్ పెట్టా. ప్రీమియం చూసి మా ఆయన ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఇండివిడ్యువల్ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు, అది కొంచెం ఊరట. నాకు, పాపకి మా ఆయన కంపెనీ పాలసీ ఉంది. ఇంట్లో ఒకళ్ళు పర్మినెంట్‌లో ఉన్నారు కాబట్టే నేను ఈ దూకుడు చేశా, అది దాచేదేం లేదు.

ఇక ఇంట్లో చెప్పడం. అత్తింట్లో ఏం గొడవ లేదు, మా నాన్నతోనే. నాన్న ఖమ్మంలో గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యారు. ఆయన స్టాఫ్‌రూమ్‌లో సగం మంది కాంట్రాక్ట్ లెక్చరర్లు. పక్క కుర్చీలో కూర్చుని అదే సిలబస్ చెప్పి, అదే వాల్యుయేషన్‌కి వెళ్ళి, జీతం మాత్రం సగం కూడా లేక, ఏటా రెన్యువల్ వస్తుందో రాదో అని మే నెలంతా ఫోన్లు చూసుకుంటూ ఉండేవాళ్ళు. ఇందిరా పార్క్ ధర్నా చౌక్‌లో వాళ్ళు కూర్చుంటే నాన్న కూడా ఒకటి రెండుసార్లు సపోర్ట్‌గా వెళ్ళారు. 2023లో తెలంగాణలో వాళ్ళని రెగ్యులరైజ్ చేసినప్పుడు నాన్న సొంత కొడుక్కి జాబ్ వచ్చినంత సంబరపడ్డారు. అలాంటి మనిషికి ఫోన్ చేసి "నాన్నా నేను కాంట్రాక్ట్‌లోకి మారుతున్నా" అంటే ఎట్లుంటుంది. "వాళ్ళు పర్మినెంట్ కోసం ఇరవై ఏళ్ళు రోడ్ల మీద కూర్చున్నారే, నువ్వు పర్మినెంట్ వదిలేసి కాంట్రాక్ట్‌కి పోతానంటావేంటమ్మా" అన్నారు. నా దగ్గర ఎక్సెల్ షీట్ ఉంది కానీ ఆయన మాటకి అందులో సమాధానం లేదు. వాళ్ళది వేరే దారి లేక, నాది రేటు చూసుకుని, రెండూ ఒకటి కాదు నాన్నా అని చెప్పా. "రేటు తగ్గిన రోజు నీకూ వేరే దారి ఉండదు కదా" అన్నారు. ఫిజిక్స్ మాస్టారితో వాదించకూడదు.

సరే, అటు చూస్తే పర్మినెంట్‌లో ఉన్న పర్మినెంట్ ఎంత. మా పాత టీమ్‌లో పన్నెండేళ్ళ సీనియర్‌ని ఒక బుధవారం మధ్యాహ్నం పదిహేను నిమిషాల కాల్‌కి పిలిచి, "మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ క్లీన్‌గా ఉంటుంది" అన్నారు. సాయంత్రానికి లాప్‌టాప్ లాక్. మనం వెళ్ళాలంటే 90 రోజుల నోటీస్, వాళ్ళు పంపాలంటే ఒక పూట. ఆ రోజు నుంచే నా బుర్రలో ఈ ఆలోచన తిరగడం మొదలైంది, పూర్తిగా డబ్బు కోసమే అంటే అబద్ధం అవుతుంది.

90 రోజుల నోటీస్ గురించి ఇంకో మాట. కాంట్రాక్ట్ వాళ్ళకి ఎప్పుడూ పది పదిహేను రోజుల్లో జాయిన్ అయ్యేవాళ్ళే కావాలి. కాబట్టి చేతిలో ఆఫర్ లేకుండానే పేపర్స్ పెట్టి, నౌక్రీ జాబ్ సైట్‌లో సర్వింగ్ నోటీస్ అని, లాస్ట్ వర్కింగ్ డే డేట్ వేసి కూర్చోవాలి. మొదటి రెండు నెలలు ఎవరూ పట్టించుకోరు, కడుపులో తిప్పుతుంది. చివరి మూడు వారాల్లో మాత్రం ఫోన్ ఆగదు, నోయిడా నుంచి, పుణె నుంచి, బెంగళూరు నుంచి, "మేడమ్ టోటల్ ఎక్స్‌పీరియన్స్, రెలవెంట్ ఎక్స్‌పీరియన్స్, కరెంట్ సీటీసీ" అని ఒకే పాట. ఇక్కడ ఒక జాగ్రత్త, ఒకే క్లయింట్ రిక్వైర్‌మెంట్ ఐదారుగురు వెండర్ల (క్లయింట్‌కి మనుషుల్ని ఇచ్చే స్టాఫింగ్ కంపెనీల) దగ్గర తిరుగుతుంది, క్లయింట్ పేరు చెప్పకుండా జేడీ (జాబ్ డిస్క్రిప్షన్) మాత్రం పంపుతారు. ఇద్దరు మీ ప్రొఫైల్ పంపారంటే క్లయింట్ సిస్టమ్‌లో డూప్లికేట్ అని పడి ఇద్దరినీ తీసేస్తారు. నాకు ఒకే జేడీ నలుగురి నుంచి వచ్చింది, ఒకరు "ఫార్మా క్లయింట్ హైదరాబాద్" అన్నారు, ఒకరు "లైఫ్ సైన్సెస్ గచ్చిబౌలి" అన్నారు, కింద రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్‌లో ఒకటే స్పెల్లింగ్ మిస్టేక్ నలుగురి దాంట్లోనూ ఉంది, దాంతో పట్టుకున్నా. క్లయింట్ పేరు చెప్తేనే పంపమని, మెయిల్‌లో నేను ఓకే అన్నాకే సబ్‌మిట్ చెయ్యమని అందరికీ చెప్పా. ఒకతను అలిగాడు, అలగనీ.

ఇంటర్వ్యూలు పర్మినెంట్ వాటిలా ఉండవు. మీ స్ట్రెంత్ ఏంటి, ఐదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు లాంటివి ఎవరూ అడగరు, స్క్రీన్ షేర్ చేసి రిలీజ్ స్ట్రాటజీ (కొనుగోలుకి ఎవరెవరు అప్రూవ్ చెయ్యాలనే సెటప్) ఎక్కడ ఆగిందో చూపించు అంటారు. కెమెరా ఆన్, చేతిలో ఆధార్ పట్టుకుని చూపించమన్నారు ఒకచోట. కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు, ప్రాక్సీ ఇంటర్వ్యూలు, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ వల్ల మన ఊరికి వచ్చిన పేరు అది, అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ నిజంగా కష్టపడి నేర్చుకున్న పిల్లలు కూడా దాని బిల్లు కడుతున్నారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి ఇప్పుడు అందరూ యూఏఎన్ (పీఎఫ్ నంబర్) మీద కనపడే సర్వీస్ హిస్టరీ అడుగుతున్నారు. కన్సల్టెంట్‌గా చేస్తే అందులో ఏం కనపడదు, గ్యాప్ లాగా ఉంటుంది. కాబట్టి అగ్రిమెంట్, ఇన్వాయిస్‌లు, 26ఏఎస్ (టీడీఎస్ ఎవరు ఎంత కోశారో చూపించే స్టేట్‌మెంట్) అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి, రేపు మళ్ళీ పర్మినెంట్‌కి వెళ్ళాలన్నా అవే మీ ఎక్స్‌పీరియన్స్ లెటర్.

జీఎస్టీ. ఏడాదికి 20 లక్షలు దాటితే సర్వీసులకి రిజిస్ట్రేషన్ తప్పదు. దానికి ఇంటి అడ్రస్ ప్రూఫ్ కావాలి, మేముండేది నిజాంపేటలో అద్దింట్లో, ఓనర్ అంకుల్ దగ్గర కరెంట్ బిల్లు, ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే లెటర్) కావాలని అడిగితే ఆయన మొహం మారిపోయింది. "అమ్మా దీంతో నా మీటర్ కమర్షియల్ చేసేస్తారా, మున్సిపాలిటీ వాళ్ళు వస్తారా" అని. లాప్‌టాప్ పెట్టుకుని పని చేసుకునేదానికి ఎవరూ రారు అంకుల్ అని చెప్పినా నమ్మక వాళ్ళ అల్లుడికి ఫోన్ చేసి, ఆ అల్లుడు వాళ్ళ ఆఫీస్ సీఏకి ఫోన్ చేసి, ఇలా చైన్ తిరిగి చివరికి సంతకం పెట్టారు. పెట్టేటప్పుడు కూడా "నా పేరు ఎక్కడైనా వస్తే చెప్పు" అన్నారు.

అసలు తలనొప్పి రిజిస్ట్రేషన్ కాదు, క్యాష్‌ఫ్లో. 2.4 లక్షల ఇన్వాయిస్ మీద 18 శాతం అంటే 43,200. ఆ డబ్బు ఇన్వాయిస్ తీసుకునేవాళ్ళదే, వాళ్ళు కట్టే జీఎస్టీలో దాన్ని తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ కూడా వస్తుంది, మనకేం నష్టం లేదు అనిపిస్తుంది. కానీ ఇన్వాయిస్ వేసిన తర్వాతి నెల 20 లోపు గవర్నమెంట్‌కి కట్టెయ్యాలి, మనం ఇన్వాయిస్ వేసే వెండర్ మాత్రం 45 రోజులకో 60 రోజులకో ఇస్తాడు. అంటే మనకి రూపాయి రాకముందే మన జేబులోంచి 43 వేలు వెళ్తుంది. జాయిన్ అయిన మొదటి రెండు నెలలు జీతం లాంటిది ఏమీ రాదు, పైగా మనమే కడతాం. మూడు నెలల ఇంటి ఖర్చు, ఈఎమ్ఐలు, ఈ జీఎస్టీ కలిపి పక్కన పెట్టుకోకుండా ఇందులోకి దిగొద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా.

దీనికి ఒక మందు ఉంది. ఉద్యమ్, అంటే చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ రిజిస్ట్రేషన్, ఫ్రీ, ఆన్‌లైన్‌లో మనమే చేసుకోవచ్చు, సర్వీస్ ఇచ్చే ఒంటరి మనిషి కూడా మైక్రో ఎంటర్‌ప్రైజే, అంటే ఎంఎస్ఎంఈ కిందకే వస్తాం. చిన్న సంస్థలకి ఒప్పందం ఉంటే 45 రోజుల్లోపు పేమెంట్ ఇవ్వాలని చట్టంలో ఎప్పటినుంచో ఉన్నా ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు. 2023-24 నుంచి ఇన్‌కమ్ టాక్స్‌లో 43బీ(హెచ్) తెచ్చాక, ఆ గడువు దాటించిన బకాయిలు ఏడాది చివర్లో అలాగే ఉండిపోతే కొనేవాడికి ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోనివ్వరు. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ వెయ్యడం మొదలెట్టాక, మెయిల్‌కి రిప్లై కూడా ఇవ్వని అకౌంట్స్ ఆయన ఫోన్ చేసి "మేడమ్ మీది ఎంఎస్ఎంఈనా, ముందే చెప్పొచ్చుగా" అన్నాడు. అప్పటివరకు 60 రోజులు అన్న పేమెంట్ 45 కి వచ్చింది.

టాక్స్ సంగతి వింటే పర్మినెంట్ వాళ్ళకి కొంచెం మండుతుంది. 44ఏడీఏ (2025-26 దాకా ఉన్న నంబర్) అని ఒక సెక్షన్, ప్రొఫెషనల్స్‌కి, అందులో టెక్నికల్ కన్సల్టెన్సీ, ఐటీ కూడా వస్తాయి. వచ్చిన దాంట్లో సగం ఖర్చు, సగం లాభం అని చూపించి, ఆ సగం మీద టాక్స్ కట్టొచ్చు, బిల్లులు, అకౌంట్ బుక్స్ పెట్టుకోనక్కర్లేదు. మామూలుగా 50 లక్షల దాకా, నగదు 5 శాతం దాటకుండా అంతా బ్యాంకులోనే వస్తే 75 లక్షల దాకా. ఖాళీ లేకుండా పన్నెండు నెలలూ పని దొరికి, నెలకి 2.4 లెక్కన 28.8 లక్షలు వచ్చిందనుకోండి, 14.4 లక్షల మీదే టాక్స్, 2025-26 కొత్త రెజీమ్‌లో సెస్‌తో కలిపి లక్షకి 160 రూపాయలు తక్కువ. అదే 24 లక్షల జీతం మొత్తం టాక్సబుల్ అయితే స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు పోగా 2.92 లక్షల దాకా పడుతుంది. ఈ తేడానే అందరూ డబుల్ డబుల్ అని చెప్పుకునేది. కాకపోతే టీడీఎస్ 10 శాతం కట్ అవుతుంది, నెలకి 24 వేలు, ఏడాదికి 2.88 లక్షలు, మనం కట్టాల్సింది లక్ష, మిగతా 1.88 రిటర్న్ వేసి రిఫండ్ వచ్చేదాకా గవర్నమెంట్ దగ్గరే ఉంటుంది. ఇంకోటి, ఉద్యోగులు ప్రతి ఏడాదీ పాత రెజీమ్ కొత్త రెజీమ్ మార్చుకోవచ్చు, ప్రొఫెషనల్ ఇన్‌కమ్ ఉన్నవాళ్ళకి ఆ స్వేచ్ఛ లేదు, పాతదానికి వెళ్తే వెనక్కి రావడం ఒక్కసారే. పేరుకి కన్సల్టెంట్ అయినా అగ్రిమెంట్‌లో లీవ్స్, బోనస్, ఆఫీస్ టైమింగ్స్ అన్నీ ఉద్యోగిలాగే రాసి ఉంటే టాక్స్ వాళ్ళు అడిగే ఛాన్స్ ఉంది, ఆ కాగితం సీఏకి చూపించాకే సంతకం పెట్టండి.

ఇంత టాక్స్ మిగిల్చుకుని సంతోషంగా ఉంటే హోమ్ లోన్ దగ్గర ఆ సెక్షనే తిరిగి కొడుతుంది. జీతం వాళ్ళకి మూడు నెలల పేస్లిప్పులు చాలు, మనకి రెండేళ్ళ ఐటీఆర్‌లు (టాక్స్ రిటర్న్‌లు) కావాలంటారు, ఆ ఐటీఆర్‌లో ఆదాయం సగమే కనపడుతుంది, లోన్ ఎలిజిబిలిటీ కూడా దాన్ని బట్టే. నల్లగండ్ల వైపు ఒక ఫ్లాట్ చూశాం, బ్యాంక్ అబ్బాయి నా రిటర్న్ చూసి "మేడమ్ సార్‌ని మెయిన్ అప్లికెంట్ పెడదాం" అన్నాడు. ఇద్దరిలో ఎక్కువ సంపాదించేది నేనే, కాగితం మీద కాదు. ఇల్లు కొనే ప్లాన్ దగ్గర్లో ఉంటే లోన్ శాంక్షన్ అయ్యాకే జాబ్ మారండి.

ఆఫీస్‌లో ఎలా ఉంటుందని కూడా అడుగుతున్నారు. మెడలో ట్యాగ్ రంగు వేరు, అంతే తేడా, కానీ ఆ రంగు అందరూ చూస్తారు. టౌన్‌హాల్ ఇన్వైట్ రాదు, దీపావళి స్వీట్ బాక్స్ ఉద్యోగులకి మాత్రమే, కంపెనీ బస్సులో సీటు ఖాళీగా ఉన్నా నాకు లేదు. మొదట్లో చిన్నగా గుచ్చుకుంది. తర్వాత ఏప్రిల్‌లో పక్కనవాళ్ళంతా సెల్ఫ్ అప్రైజల్ ఫామ్ ముందు తల పట్టుకుని, చేసిన పనిని పొగుడుతూ నాలుగు పేజీలు రాసి, చివరికి బెల్ కర్వ్‌లో మూడు వచ్చిందని బాధపడుతుంటే నేను టైమ్‌షీట్ నింపి ఆరింటికి ఇంటికి వచ్చేశా. ఆ ఒక్క స్వీట్ బాక్స్ ఏదో నేనే కొనుక్కుంటా. టైమ్‌షీట్ మాత్రం దేవుడితో సమానం, శుక్రవారం మేనేజర్ అప్రూవ్ చెయ్యకపోతే ఇన్వాయిస్ లేదు. మా మేనేజర్ నెలాఖరున లీవ్ పెడతాడని వినపడితే చాలు అతని టికెట్ల గురించి అతని భార్య కన్నా నాకే ఎక్కువ ఆరా. ఇంకా డిసెంబర్ ఉంది, అమెరికా క్లయింట్లు క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ దాకా షట్‌డౌన్ అంటారు, ఉద్యోగులకి అది సెలవు, మనకి అది జీతం లేని వారం.

డల్లాస్‌లో ఉండే మా బావకి ఇదంతా వింతగా ఉంది. అక్కడ మన తెలుగోళ్ళలో సగం మంది కెరీరే కాంట్రాక్ట్, క్లయింట్, కింద ప్రైమ్ వెండర్, కింద ఇంకో వెండర్, కింద మన కన్సల్టెన్సీ, చివర్లో మనిషి. "ఇందులో ఆలోచించేదేముంది" అన్నాడు. కానీ తనది హెచ్1బీ, కన్సల్టెన్సీకి డబ్ల్యూ2 (వాళ్ళ పేరోల్ మీద జీతం తీసుకునే) ఉద్యోగిగానే ఉండాలి, నాలాగా సొంతంగా ఇన్వాయిస్ వెయ్యడానికి లేదు, ఆ కన్సల్టెన్సీ వదిలేస్తే 60 రోజుల్లో ఇంకో స్పాన్సర్ దొరకాలి లేదా సామాను సర్దుకోవాలి. నాకు ప్రాజెక్ట్ పోతే పోయేది ఒక నెల డబ్బులు. ఈ మాట తనతో అనలేదులెండి.

ఆడవాళ్ళు ప్రత్యేకంగా అడుగుతున్నారు కాబట్టి ఇది కూడా. పిల్లల ప్లాన్ ఉంటే పర్మినెంట్‌లోనే ఉండండి. 26 వారాల పెయిడ్ మెటర్నిటీ లీవ్ అనేది మీరు ఇన్వాయిస్ వేసే మనిషైతే లేదు. మా టీమ్‌లో ఇంకో కాంట్రాక్టర్ ఏడో నెల దాకా పని చేసి, డెలివరీ తర్వాత రెండు నెలలకే లాగిన్ అయింది, ఎవరూ బలవంతం చెయ్యలేదు, రోజు లెక్క డబ్బులే ఆ పని చేశాయి. నేను పాప యూకేజీకి వచ్చాకే కదిలా.

నేర్చుకోవడం కూడా సొంత ఖర్చే, ట్రైనింగ్‌కి కంపెనీ పంపదు, ప్రాక్టీస్ చెయ్యడానికి సర్వర్ యాక్సెస్ నేనే కొనుక్కున్నా, సర్టిఫికేషన్ ఫీజు కూడా నాదే. వాళ్ళు మనల్ని తీసుకునేది వచ్చిన పని చెయ్యడానికి, నేర్పించడానికి కాదు.

పోయిన వారం ఎక్స్‌టెన్షన్ మాట్లాడటానికి వెండర్ ఫోన్ చేశాడు. మార్చి దాకా పొడిగిస్తున్నారంట, కానీ క్లయింట్ బడ్జెట్ టైట్‌గా ఉందని రేటు ఐదు శాతం తగ్గించుకోమన్నాడు. తగ్గించను, పెంచమని కూడా అడగట్లేదు, పేమెంట్ 45 రోజుల నుంచి 30 కి మార్చు, మీరు తీసేస్తే నాకిచ్చే నోటీస్ 15 రోజుల నుంచి 30 చెయ్యి, ఈ రెండూ అగ్రిమెంట్‌లో రాయి, పాత రేటుకే చేస్తా అన్నా. రెండు రోజులు ఏం మాట్లాడలేదు, తర్వాత సవరించిన కాపీ పంపాడు, పేమెంట్ 30 అయింది, నోటీస్ మాత్రం 21 దగ్గర ఆగింది. సంతకం పెట్టేశా. సీఏ దగ్గరికి శనివారం వెళ్ళాలి, నౌక్రీలో ప్రొఫైల్ మాత్రం ఏప్రిల్ నుంచి అవైలబుల్ అని ఈ రోజే మార్చి పెట్టా.